లాటిన్ "రేస్": వస్తువా, వ్యవహారమా, సొమ్మా?

తుంగభద్ర_తీరం

అందరికీ నమస్కారం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుకుంటున్నాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ తీస్తే రెస్ జుడికేటా, సాక్ష్య చట్టం తీస్తే రెస్ జెస్టే, టార్ట్స్ తీస్తే రెస్ ఇప్సా లాక్విటర్. మూడింటిలో ఉన్న "రెస్" ఒకటేనా? గైడ్లన్నీ "రెస్ అంటే వస్తువు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నాయి. అలా పెట్టుకుంటే "తీర్పు అయిపోయిన వస్తువు" అని వస్తుంది, అది ఎక్కడా అతకదు. నిర్వచనాలు బట్టీ పట్టొచ్చు, కానీ మాట బోధపడితే సెక్షన్ దానంతటదే గుర్తుంటుందని నా నమ్మకం. లాటిన్ చదివినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్తారా?

పాతప్రతి

మూడింటిలోనూ ఉన్నది ఒకే మాటేనమ్మా. లాటిన్‌లో దీర్ఘంతో "రేస్" అంటారు. ఇంగ్లిష్ కోర్టుల అలవాటు వల్ల మన వకీళ్లు "రెస్" అంటారు. స్త్రీలింగ శబ్దం. ద్వితీయా విభక్తిలో "రెమ్", షష్ఠీ బహువచనంలో "రేరుమ్", ఇంకొన్ని విభక్తుల్లో "రే", "రేబుస్" అవుతుంది. ఈ రూపాలు గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తాయి.

"వస్తువు" తప్పు కాదు. కానీ చేత్తో పట్టుకునే వస్తువు దగ్గర మొదలుపెడితే దారి తప్పుతాం. రోమన్ల నోట రేస్ అంటే ముందుగా ఒక మనిషికి పట్టిన సంగతి, అతను చూసుకోవాల్సిన వ్యవహారం. అది ఏ వ్యవహారమో పక్కనున్న విశేషణం చెబుతుంది. "రేస్ మీలితారిస్" అంటే యుద్ధం. "రేస్ ఫ్రూమెంతారియా" అంటే సైన్యానికి ధాన్యం సమకూర్చడం. గాల్ యుద్ధాల గురించి సీజర్ రాసిన పుస్తకంలో ఈ మాట పదేపదే వస్తుంది, ఎందుకంటే ఆ యుద్ధాల్లో సగం బెంగ తిండిగింజల గురించే. "రేస్ రూస్తికా" అంటే సేద్యం; వర్రో, కొలుమెల్లా ఆ పేరుతోనే వ్యవసాయ గ్రంథాలు రాశారు. "రేస్ ఫమిలియారిస్" అంటే ఇంటి ఆస్తి. "రేస్ దివీనా" అంటే దేవతలకిచ్చే బలి, పూజ. "రేస్ అద్వెర్సే" అంటే గడ్డుకాలం. వీటిల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది "రేస్ నోవే". ముక్కస్య ముక్క చూస్తే కొత్త సంగతులు, వాడుకలో మాత్రం తిరుగుబాటు, రాజ్యం తలకిందులవడం. పెద్దల ఆచారమే ప్రమాణమనుకున్న సమాజానికి కొత్త అనే మాటలోనే ప్రమాదం కనిపించింది.

రోమన్ రాజనీతిజ్ఞుడు పెద్ద కేటోదని చెప్పే మాట ఒకటుంది: "రెమ్ తెనే, వెర్బా సెక్వెంతుర్". సంగతిని గట్టిగా పట్టుకో, మాటలు వాటంతటవే వస్తాయి అని. అక్కడ రేస్ మాటకు ఎదురుగా నిలబడే అసలు విషయం.

ఇక మీ మూడూ. జుడికేటా: తీర్పు అయిపోయిన వ్యవహారం. జెస్టే: జరిగిన పనులు, ఇది బహువచనం. ఇప్సా లాక్విటర్: సంగతే స్వయంగా మాట్లాడుతుంది. ఈ చివరి మాటను రోమన్ వక్త సిసిరో క్రీ.పూ. 52లో మిలో అనే అతని మీద వచ్చిన హత్యకేసులో అతని తరఫున సిద్ధం చేసిన ప్రసంగంలోనే, రెండు మాటలు అటూ ఇటూగా వాడాడు.

రైశబ్దం

పాతప్రతి గారు రూపాలు చెప్పగానే చెయ్యి ఆగలేదు. సంస్కృతం చెప్పేవాణ్ని. శబ్దమంజరిలో ఐకారాంత పుంలింగం "రై" శబ్దం గుర్తుందా? రాః, రాయౌ, రాయః. అర్థం ధనం, సంపద. ఈ రై, లాటిన్ రేస్ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. ద్వితీయలో ఇప్పుడు మనం రాయమ్ అంటాం గానీ వేదంలో "రామ్" అనే రూపం ఉంది. దాని పక్కన లాటిన్ "రెమ్" పెట్టి చూడండి. చతుర్థీ బహువచనం "రాభ్యః" పక్కన "రేబుస్" పెట్టండి.

ఈ శబ్దం మనకు కొత్తదేమీ కాదు. ఈశావాస్యం చివరి మంత్రం "అగ్నే నయ సుపథా రాయే అస్మాన్" లోని "రాయే" ఇదే. ఋగ్వేదం మొదటి సూక్తంలో మూడో మంత్రం "అగ్నినా రయిమశ్నవత్ పోషమేవ దివే దివే" లోని "రయి" దీని దగ్గరి చుట్టం. ఆశీర్వచనాల్లో వినే "రాయస్పోషం" లో ఉన్నదీ ఇదే. కాబట్టి సొమ్ము, సంపద అన్నది రేస్‌కు తర్వాత ఎవరో తగిలించిన అర్థం కాదు, పుట్టుకతో వచ్చింది. మనిషికి ఉన్నది రేస్. ఉన్నదాని చుట్టూ నడిచేది వ్యవహారం. వ్యవహారం కోర్టుకెక్కితే దావా. ఈ క్రమంలో చూస్తే తుంగభద్ర గారి "తీర్పు అయిపోయిన వస్తువు" చిక్కు విడిపోతుంది.

మన్యం_మిరియం

అన్నా, రెండు భాషల్లో రెండు అక్షరాలు కలిస్తే చుట్టరికం అనేయొచ్చా? రోజూ వాట్సాప్‌లో "ఫలానా ఇంగ్లిష్ మాట సంస్కృతం నుంచే పుట్టింది" అని వస్తూనే ఉంటాయి. ఇది అలాంటిదే కాదని ఎలా నమ్మాలి?

రైశబ్దం

అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. ఒక్క మాట పోలితే నమ్మకూడదు. ఇక్కడ మాటతో పాటు విభక్తి ప్రత్యయాలు కూడా వరసగా పోలుతున్నాయి. సంస్కృతంలో భ్యః ఉన్నచోట లాటిన్‌లో బుస్ రావడం ఈ ఒక్క శబ్దానికే కాదు, మిగతా శబ్దాల్లోనూ కనిపిస్తుంది. అర్థం కూడా కుదిరింది. ఇంకొకటి, నేను సంస్కృతం నుంచి లాటిన్ పుట్టిందనలేదు. రెండింటికీ ముందున్న ఒక భాష నుంచి రెండూ వచ్చాయి. వాట్సాప్ వాళ్లు దాటేసేది ఆ ఒక్క మెట్టునే.

విశాఖ_బార్

కోర్టు వైపు నుంచి నాలుగు మాటలు.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రెస్ జుడికేటా గురించిన సెక్షన్ 11 చదివేటప్పుడు "ప్రాఙ్న్యాయం" అనే మాట కూడా నేర్చుకోండి. మన ధర్మశాస్త్రాల్లో ప్రతివాది ఇచ్చే జవాబు నాలుగు రకాలు. అందులో ఒకటి "ఈ తగాదాలో నువ్వు ఇదివరకే ఓడిపోయావు" అని చెప్పడం. అదే ప్రాఙ్న్యాయం. కాత్యాయనుడు చెప్పాడని మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యానంలో విజ్ఞానేశ్వరుడు ఎత్తిచూపాడు. 1916లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసులకు లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు, ఒక భారతీయ కేసులో రెస్ జుడికేటా గురించి రాస్తూ సరిగ్గా ఈ మాటనే ఉదహరించింది. ఈ సూత్రం ఇంగ్లిష్‌వాళ్లతో పాటు ఓడ దిగింది కాదని లండన్‌లో కూర్చున్న జడ్జీలే ఒప్పుకున్నారన్నమాట.

రెండోది "ఇన్ రెమ్". మామూలు దావా ఒక మనిషి మీద వేస్తాం. ఇన్ రెమ్ దావా వస్తువు మీదే వేస్తాం. ఇక్కడ మాత్రం రెస్ నిజంగా వస్తువే, అందులోనూ భారీ వస్తువు. మా ఊళ్లో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ నౌక మార్మగోవా నుంచి సరుకు పట్టుకుపోయిన తీరు మీద తగాదా వచ్చింది. సరుకు పంపినవాళ్లు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. తర్వాత ఓడ విశాఖ రేవులో అడుగుపెట్టగానే అరెస్టు చేశారు. అవును, ఓడను అరెస్టు చేయడమనే అంటారు. విదేశీ యజమాని మీద, ఇక్కడ పుట్టని తగాదాలో మీకేం అధికారమని వాళ్లు సుప్రీంకోర్టు దాకా వాదించారు. 1992లో సుప్రీంకోర్టు హైకోర్టుకు ఆ అధికారం ఉందని తేల్చింది. దేశంలో నౌకా వివాదాల చట్టానికి ఆ తీర్పు మలుపు. చివరికి 2017లో కొత్త అడ్మిరాల్టీ చట్టం వచ్చింది. రెస్ అంటే ఏమిటో తెలియాలంటే రేవులో లంగరేసి కదలకుండా ఆగిన ఓడను చూడాలి.

గట్టు_తగాదా

నేను లాయర్ని కాదు, రైతుని. కానీ ఈ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. మా మేనమామ పొలం గట్టు గురించి పక్కవాళ్లు దావా వేశారు. సాక్ష్యాలన్నీ విని కోర్టు కొట్టేసింది. అప్పీలు కూడా పోయింది. కొన్నేళ్లకు అవతలి వాళ్ల కొడుకులు అదే గట్టు మీద మళ్లీ కొత్త దావా వేశారు. మామయ్యకు బీపీ పెరిగిపోయింది, మళ్లీ మొదటి నుంచి తిరగాలా అని ఒకటే టెన్షన్. మా వకీలు గారు మాత్రం పాత డిక్రీ నకలు పెట్టి రెస్ జుడికేటా అన్నారు. నాకు అప్పటి నుంచి ఒక అనుమానం. దావా వేసింది వేరే మనుషులు కదా, వాళ్లకు పాత తీర్పు ఎలా వర్తించింది?

విశాఖ_బార్

గట్టు_తగాదా గారూ, వాళ్లు ఆ హక్కును తండ్రి నుంచే తెచ్చుకుంటున్నారు కాబట్టి. అదే పార్టీలు గానీ, వాళ్ల కింద హక్కు చెప్పుకునేవాళ్లు గానీ అయితే చాలు. అయితే మీరన్న "సాక్ష్యాలన్నీ విని" అన్నదే ఇందులో ప్రాణం. విచారించి, చివరిగా తేల్చిన కేసుకే సెక్షన్ 11. వాది వాయిదాకు రాలేదని డిఫాల్ట్‌లో కొట్టేస్తే అది రెస్ జుడికేటా కాదు. అప్పుడు కొత్త దావాకు అడ్డుపడేది ఆర్డర్ 9 రూల్ 9. పరీక్షలో దీన్ని తిప్పి అడుగుతారు, తుంగభద్ర గారు గమనించండి.

పాతప్రతి

దీని వెనక సూత్రంగా చెప్పే లాటిన్ వాక్యంలో రేస్ ఇంకోసారి దాక్కుని ఉంది. "ఇంతెరెస్త్ రేయీపూబ్లికే ఉత్ సిత్ ఫీనిస్ లీతియుమ్". వ్యాజ్యాలకు ఒక అంతం ఉండటం రాజ్యానికి మేలు అని. "రేయీపూబ్లికే" అంటే "రేస్ పూబ్లికా" కు షష్ఠి. రిపబ్లిక్ అనే మాటకు తల్లి.

రేస్ పూబ్లికాను సిసిరో నిర్వచించిన తీరు చూడండి. రాజ్యం గురించి ఆయన రాసిన సంభాషణలో స్కిపియో పాత్ర చేత "రేస్ పూబ్లికా అంటే రేస్ పోపులీ" అనిపిస్తాడు, అంటే ప్రజలది. వెంటనే ప్రజలంటే ఎలాగో పోగైన గుంపు కాదు, న్యాయం విషయంలో ఒప్పందంతో, ఉమ్మడి ప్రయోజనంతో కలిసిన సమూహం అని చేరుస్తాడు. ఈ పుస్తకం చాలా భాగం వందల ఏళ్లు కనపడకుండా పోయింది. ఎవరో ఆ తోలుకాగితాల మీది రాత గీకేసి, పైన కీర్తనల మీద అగస్టీన్ వ్యాఖ్యానం రాసుకున్నారు. 1819లో వాటికన్‌లో ఆంజెలో మాయ్ అనే పండితుడు ఆ కింది రాతను పట్టుకున్నాడు.

నాకు "గణతంత్రం" అనే అనువాదంతో పేచీ లేదు. కానీ అది పాలన పద్ధతిని చెబుతుంది. రేస్ పూబ్లికాలో ముందు వినిపించేది సొంతదారు ఎవరన్నది. దీనికి సాటిగా తెలుగులో సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

గట్టు_తగాదా

మేం "ఊరుమ్మడి" అంటాం సార్. ఊరుమ్మడి చెరువు, ఊరుమ్మడి పని, ఊరుమ్మడి ఖర్చు. ఆస్తికీ అదే మాట, వ్యవహారానికీ అదే మాట.

పాతప్రతి

ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. ఆస్తి, వ్యవహారం రెండూ ఒకే మాటలో ఉండాలన్నదే నా వెతుకులాట. రాజ్యం మొత్తానికి వాడితే చిన్నదనిపించవచ్చు గానీ, రోమన్లు కూడా ఊరి పొడుగే ఉన్న రోజుల్లో తయారుచేసుకున్న మాటే అది.

గుంటూరు_గుడిగంట

మా చర్చి విచారణ గురువులు (ఫాదర్ గారు) "రేరుమ్ నోవారుమ్" గురించి ప్రసంగంలో చెప్పినప్పుడు "నూతన విషయాలు" అని తెలుగు చేశారు. పదమూడో లియో పోపు 1891 మే 15న కార్మికుల గురించి రాసిన లేఖ అది. న్యాయమైన కూలి, సంఘాలు పెట్టుకునే హక్కు, సొంత ఆస్తి హక్కు, అన్నీ ఉన్నాయి అందులో. 2025లో ఎన్నికైన పోపు పద్నాలుగో లియో ఆ పేరు ఎంచుకోవడానికి ఈ లేఖే ముఖ్య కారణమని చెప్పారు. పైన పాతప్రతి గారు రేస్ నోవే అంటే తిరుగుబాటు అన్నారు. మరి పోపు గారి లేఖకు ఆ పేరేమిటి?

పాతప్రతి

పోపుల లేఖలకు వాటి మొదటి మాటలే పేర్లవుతాయండి. ఆ లేఖ మొదటి వాక్యం మొత్తం చదివితే తెలుస్తుంది: చాలాకాలంగా దేశాలను కుదిపేస్తున్న "రేరుమ్ నోవారుమ్" కోరిక, అంటే వ్యవస్థను తిరగరాయాలన్న దాహం, రాజకీయాల నుంచి ఆర్థిక రంగంలోకీ పాకడం సహజమే అని మొదలవుతుంది. పాత రోమన్ అర్థమే. "నూతన విషయాలు" అంటే పదునంతా పోయింది. విప్లవకాంక్షను చూసి రాసిన లేఖ, కార్మికుడికి న్యాయం జరగాల్సిందే అన్న లేఖ, రెండూ అదే. ఆ బిగువు పేరులోనే ఉంది.

మాంట్రియల్_మంచు

ఇక్కడ ఫ్రెంచి మధ్య బతుకుతున్నాను, ఒక ముచ్చట చెప్పాలి. ఫ్రెంచిలో "రియాఁ" అంటే "ఏమీ లేదు". అది పుట్టింది మీరు చెప్పిన "రెమ్" నుంచే! "ఒక్క వస్తువూ లేదు" అనే వాక్యాల్లో కాదు అనే మాటతో కలిసి తిరిగి తిరిగి, చివరికి వస్తువే శూన్యం అయిపోయింది. కాటలాన్ భాషలో అయితే "రెస్" అనే అంటారు, అర్థం అదే. మరి వస్తువుకు ఫ్రెంచిలో ఏమంటారంటే "షోజ్", ఇటాలియన్‌లో "కోజా". ఆ రెండూ లాటిన్ "కౌసా" నుంచి వచ్చాయి. కౌసా అంటే కారణం, కోర్టు కేసు. అంటే కేసు వెళ్లి వస్తువయింది, వస్తువు వెళ్లి సున్నా అయింది.

కోడు_గూడు

నా ఫీల్డ్ సాఫ్ట్‌వేర్. మెయిల్‌కు జవాబిస్తే సబ్జెక్ట్ ముందు "రీ:" అని పడుతుంది కదా. రిప్లయ్‌కు పొట్టిరూపం అని చాలామంది అనుకుంటారు. ఈమెయిల్ ఎలా ఉండాలో చెప్పే ఆర్ఎఫ్‌సీ 5322 అనే 2008 నాటి పత్రంలో అది లాటిన్ "ఇన్ రే" కు సంక్షిప్తం అని, "ఫలానా విషయంలో" అని అర్థమని స్పష్టంగా ఉంది. అంటే మనందరం రోజూ లాటిన్ పంపుకుంటున్నాం.

విశాఖ_బార్

సుప్రీంకోర్టు రాష్ట్రపతికి అభిప్రాయం చెప్పే కేసుల మీదా, సుమోటోగా, అంటే తనంతట తానే చేపట్టే కేసుల మీదా "ఇన్ రే" అని ఉంటుంది చూడండి. 1960 బేరుబారి కేసు అలాంటిదే. ఎదురుగా ప్రతివాది లేనప్పుడు "ఫలానా వర్సెస్ ఫలానా" అనలేం, సంగతినే పేరుగా పెడతాం.

రైశబ్దం

నా ప్రతిపాదన ఒకటి. రేస్‌కు దగ్గరగా మన దగ్గరున్నది "అర్థం". అర్థశాస్త్రంలో ధనం, పదార్థంలో వస్తువు, శబ్దార్థాల్లో మాటకు ఎదురుగా నిలిచే విషయం. కేటో చెప్పిన రేస్, వెర్బా జంట అచ్చంగా మన అర్థం, శబ్దం జంటే. కోర్టులో వాది "అర్థి", ప్రతివాది "ప్రత్యర్థి".

పాతప్రతి

చివరి మాటకు లాటిన్ సాక్ష్యం కూడా ఉంది. ప్రతివాదిని వాళ్లు "రేవుస్" అంటారు, అది రేస్ నుంచి వచ్చిందే. ఎవరి రేస్ మీద వాదన నడుస్తుందో వాళ్లందరినీ రేవుస్ అంటానని సిసిరో వక్తృత్వం మీద రాసిన పుస్తకంలో ఉంది.

ఒక్కచోట మాత్రం విడిపోతాను. "అర్థం" లో కోరిక ఉంది, గురి ఉంది. ధనార్థం, విద్యార్థి అంటాం. రేస్‌లో ఆ కోరడం లేదు. అది ఉన్నది, జరుగుతున్నది. అందుకే రోమన్ కవి లూక్రెతియుస్ ప్రపంచ స్వభావం మీద ఆరు భాగాల కావ్యం రాసి, పేరులో "రేరుమ్" అన్నాడు. పరమాణువుల నుంచి పిడుగుల దాకా, నిద్ర నుంచి చావు దాకా అన్నీ దాని కిందికే వచ్చాయి. ఎవరి కోరికతోనూ పని లేకుండా.

సాగరతీర_చదువరి

రేరుమ్ అనగానే రోమన్ కవి వర్జిల్ పంక్తి గుర్తొచ్చింది. "సుంత్ లక్రిమే రేరుమ్". ఇంగ్లిష్‌లో దీన్ని "వస్తువుల కన్నీళ్లు" అన్నట్టు కూడా అనువదించారు. లోకమే ఏడుస్తోందన్న అర్థంలో శిలాఫలకాల మీద వేసుకుంటారు. అంత గొప్ప మాటకు తెలుగులో ఎవరైనా ప్రయత్నించారా?

పాతప్రతి

ఆ పంక్తిని ఒంటరిగా తీసి చూపించడం నాకు బాధగా ఉంటుంది. చుట్టూ ఏముందో చూడండి. ట్రాయ్ కాలిపోయాక ఈనియాస్ తుఫానులో కొట్టుకుపోయి కార్తేజ్ చేరతాడు. ముక్కూమొహం తెలియని ఊరు. అక్కడ జూనో గుడిలో బొమ్మలు చూస్తే అవి తమ యుద్ధం గురించే. చచ్చిపోయిన తమవాళ్లు గోడ మీద కనిపిస్తారు. అప్పుడు పక్కనున్న స్నేహితుడితో అంటాడు: ఇక్కడ కూడా మంచిపనికి గుర్తింపు ఉంది, జరిగినదానికి కన్నీళ్లు ఉన్నాయి, మనుషుల బాధలు మనసును తాకుతాయి. తర్వాతి మాట "భయం వదిలెయ్".

చూశారా, అది నిరాశ కాదు, ధైర్యం. మన కష్టం విని ఏడ్చిన మనుషులు ఈ ఊళ్లో ఉన్నారు కాబట్టి మనల్ని చంపరు అని. అందుకే ఇక్కడ రేరుమ్‌ను నేను "వస్తువుల" అనను. "జరిగినవాటికి" అంటాను. వస్తువులు ఏడవడం లేదు. ఎక్కడో దూరాన ఒక ఊరికి జరిగినదాని కోసం ఇంకో ఊరివాళ్లు ఏడ్చారు.

సాగరతీర_చదువరి

"జరిగినదానికి కన్నీళ్లు ఉన్నాయి". చదివి కాసేపు ఆగిపోయాను. అయినా "రేరుమ్" లో లోకం మొత్తం అనే పెద్ద అర్థం కూడా లోపల మోగుతూనే ఉంటుంది కదా? వర్జిల్‌కు అది తెలియదని నేననుకోను.

పాతప్రతి

మోగుతుంది, కాదనను. కవి ఆ మాటకు ఏ విశేషణమూ తగిలించకుండా వదిలేశాడు. నేననేది, ముందు పాత్ర నోట్లోని అర్థం తీసుకుని, ఆ తర్వాతే పెద్ద అర్థం దగ్గరికి వెళ్లాలని.

తుంగభద్ర_తీరం

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. "జరిగినవి" అన్న అర్థం చూశాక రెస్ జెస్టే కూడా తేలికగా అనిపిస్తోంది. ఇంకో రెండు అడగొచ్చా? రెస్ జెస్టేకు మన తెలుగు రాష్ట్రాల కేసు ఏదైనా ఉందా? అలాగే తీర్పుల్లో తరచుగా "నో లాంగర్ రెస్ ఇంటెగ్రా" అని ఉంటుంది, దాని సంగతేమిటి?

విశాఖ_బార్

ఉంది. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబెట్టిన కేసు. కాలిన గాయాలతో ఉన్న ఇద్దరి వాంగ్మూలాలు మేజిస్ట్రేట్ రాసుకున్నారు. వాళ్లు బతికారు కాబట్టి అవి మరణ వాంగ్మూలాలు కాలేదు. పోనీ రెస్ జెస్టే కింద తీసుకోవచ్చా అంటే, ఘటనకూ వాంగ్మూలానికీ మధ్య చాలా సమయం గడిచింది, అది ఆ ఘటనలో భాగం కాదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. జరుగుతున్నదానిలో కలిసిపోయిన మాటే రెస్ జెస్టే. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 6, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 4. రెండు నంబర్లూ రాయండి.

రెస్ ఇప్సాకు చాందినీ చౌక్ గడియారం స్తంభం కేసు రాయండి, 1966 తీర్పు. స్తంభానికి ఎనభై ఏళ్లు, అలాంటి సున్నంతో కట్టినదాని ఆయువు నలభై, నలభై ఐదేళ్లే. కూలి జనం చనిపోయారు. స్తంభం మునిసిపల్ కార్పొరేషన్ చేతిలో ఉంది. అది కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యం చెబుతోంది, లేదని మీరే చూపాలి అన్నారు.

పాతప్రతి

ఇంటెగ్రా అంటే ముట్టనిది. "తాంగెరే" అంటే తాకడం, దాని ముందు కాదు అనే "ఇన్" చేరింది. రేస్ ఇంటెగ్రా అంటే ఇంకా ఎవరూ చెయ్యిపెట్టని వ్యవహారం. సిసిరో ఉత్తరాల్లో ఈ మాట వస్తుంది, ఇంకా నిర్ణయం తీసుకోలేదు, దారి తెరిచే ఉంది అనే అర్థంలో. మీ తీర్పుల్లో "నో లాంగర్" అని ముందు పెడుతున్నారు కాబట్టి, ఈ ప్రశ్నను పై కోర్టు ఇదివరకే తేల్చేసింది, మళ్లీ మొదటి నుంచి వాదించే వీలు లేదు అని.

తుంగభద్ర_తీరం

అంటే రెస్ జుడికేటా ఆ పార్టీల మధ్య తగాదాకు, రెస్ ఇంటెగ్రా కాదనడం చట్టంలోని ప్రశ్నకు. ఈ తేడా ఏ గైడ్‌లోనూ లేదు. నోట్స్‌లో రాసుకున్నాను.

విశాఖ_బార్

సరిగ్గా పట్టుకున్నారు. మొదటిది మీ కక్షిదారుకు అడ్డం, రెండోది మీ వాదనకు అడ్డం. ఇంటర్వ్యూ దాకా వెళ్తే జడ్జిగారు ఇదే అడిగే అవకాశం ఉంది.